లంగరు వేసినప్పుడు పక్క పడవకూ ఒడ్డుకూ ఎంత దూరం వదలాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు హుస్సేన్ సాగర్‌లో లేజర్ అనే చిన్న తెరచాప పడవలు నడిపారు. ఇప్పుడు మేరీలాండ్‌లో ఇద్దరు స్నేహితులతో కలిసి 32 అడుగుల పాత తెరచాప పడవ కొన్నారు. శని, ఆదివారాల్లో చెసపీక్ బేలో ఏదో ఒక క్రీక్‌లోకి (బే నుంచి నేలలోకి చొచ్చుకుపోయే సన్నటి నీటి పాయలోకి) వెళ్లి, లంగరు వేసి, రాత్రి పడవలోనే పడుకోవాలని ఉంది. "పడవ పొడవుకు మూడింతలు వదిలితే చాలు" అని ఒకరు, "వంద అడుగులు వదలాలి" అని ఇంకొకరు చెప్పారు. ఏది సరైనది? నీళ్ల మీద దూరాన్ని కంటితో ఎలా పోల్చుకోవాలి? మన తర్వాత వచ్చినవాళ్లు మరీ దగ్గరగా వేస్తే ఏం చేయాలి?

సూటిగా చెబుతాను. మీ పడవకు, ఆ బేలో మామూలుగా దొరికే రెండున్నర మీటర్ల లోతులో, మీ లంగరు పడిన చోటి నుంచి చుట్టూ 40 మీటర్లు మీ పడవ తిరిగే జాగా. మీలాంటి తెరచాప పడవే పక్కన ఉండి, అదీ మీ అంతే తాడు వదిలి ఉంటే రెండు పడవల మధ్య 30 మీటర్లు ఉన్నా రాత్రి గడుస్తుంది. వేరే రకం పడవైతే 80 మీటర్లు. ఒడ్డుకో, ఇసుక మేటకో లంగరు నుంచి 100 మీటర్లకు తగ్గకండి. మీకు చెప్పిన రెండు లెక్కల్లోనూ నీటి లోతు లేదు, వదిలిన తాడు పొడవు లేదు. ఆ రెండూ లేకుండా చెప్పే దూరాన్ని నేను నమ్మను.

నేను కాకినాడ వాడిని. ఇదే బేలో పద్నాలుగేళ్లుగా 34 అడుగుల పడవ నడుపుతున్నాను. కింద రాసినదంతా ఈ నీళ్లలో నేర్చుకున్నదే. మాటల దగ్గర చిన్న మనవి: పడవ ముందు కొసను మా వైపు అణియం అంటారు, వెనక కొసను అమరం అంటారు. నేనూ ఆ మాటలే వాడతాను.

తాడు లెక్క

ఎంత తాడు వదలాలి అన్నదానికి అందరూ చెప్పేది లోతుకు ఏడింతలు. పూర్తిగా గొలుసే అయితే ఐదింతలతో సరిపెట్టుకోవచ్చు. ఇది సరైన మాటే. తప్పంతా "లోతు" అనే మాట దగ్గరే జరుగుతుంది. లోతు కొలిచే మీటరు నీటి లోతు చెబుతుంది. మీ తాడు మొదలయ్యేది నీటి మట్టం దగ్గర కాదు, అణియం మీద తాడు జారే చక్రం, అంటే రోలర్ దగ్గర. అది నీటికి 1.2 మీటర్ల పైన ఉంటుంది. దానికి రాత్రి రాబోయే పోటు కలపాలి. అనాపొలిస్ దగ్గర పోటుకీ పాటుకీ తేడా ఒక అడుగే కాబట్టి గాలి ప్రభావం కూడా కలిపి 0.4 మీటర్లు అనుకుందాం. 2.5, 1.2, 0.4 కలిపితే 4.1. ఏడింతలు చేస్తే దాదాపు 29 మీటర్లు.

నీటి లోతు ఒక్కటే చూసి 2.5ని ఏడుతో గుణిస్తే 17.5 మీటర్లు వదులుతారు. నిజానికి మీకు దక్కిన నిష్పత్తి 17.5 భాగించు 4.1, అంటే నాలుగుకు కాస్త పైన. ఏడింతలు వదిలానన్న ధీమాతో నాలుగింతల మీద నిద్రపోతారన్నమాట. లోతు తక్కువ ఉన్న చోట ఈ తప్పు ఇంకా పెద్దదవుతుంది, ఎందుకంటే అణియం ఎత్తు వాటా అక్కడ ఎక్కువ. చెసపీక్‌లో చాలా క్రీకులు లోతు తక్కువే.

29 మీటర్ల తాడు ఏటవాలుగా దిగినా, అడ్డంగా కొలిస్తే దాదాపు 28.7 మీటర్లు. గాలి గట్టిగా వీచి తాడు బిగుసుకున్నప్పుడు లంగరు నుంచి మీ అణియం అంత దూరంలో ఉంటుంది. మీ పడవ పొడవు పది మీటర్లు కలిపితే అమరం 39 మీటర్ల దగ్గర ఉంటుంది. పైన చెప్పిన 40 ఇదే.

తాడు మీద గుర్తులు లేకపోతే ఈ వారమే పెట్టండి. ఐదు మీటర్లకొక రంగు దారం కట్టినా చాలు. అదీ కుదరని రోజు బారలు లెక్కపెట్టండి. రెండు చేతులూ చాచినంత దూరం ఒక బార, పెద్దవాళ్లకు సుమారు 1.8 మీటర్లు. 29 మీటర్లంటే పదహారు బారలు. మా వైపు జాలర్లు నీటి లోతునూ వల తాడునూ ఇలాగే కొలుస్తారు. చీకట్లో వానలో తడుస్తూ కూడా చేయగలిగిన లెక్క ఇది.

దూరాన్ని పడవ నుంచి కాదు, లంగరు నుంచి కొలవాలి

కొత్తవాళ్లలో నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇది. ఖాళీ జాగా చూసుకుని, సరిగ్గా దాని మధ్యలో లంగరు వదిలేస్తారు. తర్వాత తాడు వదులుతూ వెనక్కి వస్తే పడవ ఆ ఖాళీ దాటి వెనకవాళ్ల అణియం మీదికి వెళుతుంది. మీరు నిలవాలనుకున్న చోటికి గాలివైపు 30 మీటర్లు ముందుకు వెళ్లి లంగరు దించాలి. కిక్కిరిసిన చోట దీని అర్థం, ముందున్న పడవ అమరానికి కొంచెం వెనకగా, కాస్త పక్కకు మీ లంగరు పడాలి. అంత దగ్గరికి వెళ్లడం మొదట్లో మొహమాటంగా ఉంటుంది. ముందు పడవలో వాళ్లు లేచి నిలబడి చూస్తారు కూడా. కానీ తాడంతా వదిలాక మీరు వాళ్లకు 30 మీటర్ల వెనక ఉంటారు.

లంగరు నేలను తాకిన క్షణాన్నే జీపీఎస్‌లో ఆ చోటును గుర్తు పెట్టుకోండి. పడవ గీసిన వృత్తం దాటితే మోగే లంగరు అలారం కూడా అప్పుడే నొక్కాలి. తాడంతా వదిలి, టీ తాగి, తర్వాత నొక్కితే అలారం వృత్తానికి కేంద్రం మీ పడవ అవుతుంది. గాలి తిరిగి మీరు అవతలివైపుకు వెళ్లగానే, లంగరు కదలకపోయినా అది మోగుతుంది. రెండుసార్లు అలా మోగితే మూడోసారి దాన్ని ఆపేసి పడుకుంటారు. నిజంగా లంగరు జారేది ఆ రాత్రే కావచ్చు. మీ లెక్కకు అలారం వ్యాసార్థం 45 మీటర్లు పెట్టండి. 40కి జీపీఎస్ తేడా ఐదు కలిపాను.

జాన, పిడికిలి

ఇక కంటితో దూరం పోల్చుకోవడం. నీళ్ల మీద మధ్యలో చెట్టూ గుట్టా ఉండవు కాబట్టి కంటికి ఆధారం దొరకదు. సాయంత్రం ఎండ ఎదురుగా పడితే ఒక అంచనా, అదే పడవను చీకటి పడ్డాక చూస్తే ఇంకో అంచనా. నేను ఏళ్లుగా వాడుతున్న పద్ధతి చెబుతాను. దీనికి చేయి చాలు.

చేతిని పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, జానను నిలువుగా పట్టుకోండి. బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా చాచిన జాన కంటికి సుమారు 20 డిగ్రీలు కప్పుతుంది. బిగించిన పిడికిలి అడ్డంగా 10 డిగ్రీలు. చేయి పొడుగున్నవాళ్లకు అరచేయీ పెద్దదే కాబట్టి అందరికీ దాదాపు ఇంతే. మన సైజు తెరచాప పడవల స్తంభం కొస నీటి మీది నుంచి సుమారు 15 మీటర్ల ఎత్తులో ఉంటుంది. పక్క పడవ నీటి గీత దగ్గర బొటనవేలు పెట్టండి. స్తంభం కొస చిటికెన వేలిని అందుకుంటే ఆ పడవ 40 మీటర్ల దూరంలో ఉంది. జాన కూడా దాటిపోయిందంటే 40 కన్నా దగ్గర. పిడికిలి వెడల్పుకు సరిపోతే 85 మీటర్లు.

అంటే మీలాంటి పడవకు జాన దూరం సరిపోతుంది, వేరే రకం పడవకు పిడికిలి దూరం కావాలి. ఈ రెండు గుర్తుంటే చాలు. పెద్ద కాటమరాన్ల (రెండు పొట్టల తెరచాప పడవల) స్తంభం 20 మీటర్ల దాకా ఉంటుంది, అప్పుడు జాన అంటే 55 మీటర్లు. మరీనాలో, అంటే పడవల రేవులో, కట్టేసి ఉన్నప్పుడు, జీపీఎస్‌లో దూరం తెలిసిన స్తంభాల మీద పది నిమిషాలు సాధన చేయండి, మీ చేతి లెక్క మీకు తెలిసిపోతుంది. గోల్ఫ్ ఆడేవాళ్లు వాడే లేజర్ దూరమాపకం ఉంటే పగటిపూట అదీ బాగానే పనిచేస్తుంది. నా పడవలో ఒకటి ఉంది. అయినా ముందు చేయే లేస్తుంది.

రాత్రి ఈ పద్ధతి కుదరదు. లంగరు వేసిన పడవ చుట్టూ కనిపించే తెల్ల దీపం వెలిగించాలన్నది పడవలు ఢీకొనకుండా పెట్టిన అంతర్జాతీయ నియమాల్లో 30వది. మన పడవల్లో అది స్తంభం కొసన ఉంటుంది. 15 మీటర్ల ఎత్తున ఒంటరిగా వెలిగే దీపాన్ని చూసి దూరం చెప్పడం ఎవరి తరమూ కాదు, నక్షత్రాల్లో కలిసిపోతుంది కూడా. అందుకే నేను ఆ దీపంతో పాటు అమరం దగ్గర తోటల్లో పెట్టే చిన్న సోలార్ దీపం ఒకటి వేలాడదీస్తాను. రాత్రి వచ్చేవాళ్లకు నా పడవ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలుస్తుంది.

రాబోయే గాలిని బట్టి దూరం

ఇప్పటిదాకా చెప్పినది కొలతల సంగతి. అసలు విషయం ఇది. సాయంత్రం వీస్తున్న గాలికి సరిపడా దూరం చూసుకుని పడుకోవడం చాలామంది చేసే పని. చెసపీక్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా సాయంత్రం గాలి దక్షిణం నుంచి వస్తుంది. ఉరుముల వాన మాత్రం పడమర నుంచీ, వాయవ్యం నుంచీ వస్తుంది. కొన్ని నిమిషాల్లో గాలి దిక్కు మారి, 10 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) ఉన్నది 40 దాటుతుంది. గాలి వేగం నాలుగింతలైతే పడవ మీద దాని తోపు పదహారింతలు.

2013 జూలైలో ఒక శనివారం రోడ్ రివర్‌లో ఉన్నాను. అనాపొలిస్‌కు దక్షిణాన, స్మిత్‌సోనియన్ వారి పర్యావరణ పరిశోధన కేంద్రం ఉన్న నది అది. లోతు 2.7 మీటర్లు, దక్షిణపు గాలి. 20 మీటర్ల తాడు వదిలి, ఏడింతలకు పైనే వదిలానని సంతోషించాను. అణియం ఎత్తు కలపలేదు. నా వెనక ఉత్తరాన 150 మీటర్లు ఖాళీ. ఆగ్నేయంగా, పక్కకు 50 మీటర్ల చిల్లర దూరంలో ఒక మోటారు పడవ, అందులో పిల్లలతో ఒక కుటుంబం. వెనక ఎవరూ లేరు కదా అనుకుని పడుకున్నాను.

రాత్రి పదకొండు దాటాక వాయవ్యం నుంచి గాలి కొట్టింది. సాయంత్రం నాకు పక్కన ఉన్న ఆ పడవ ఇప్పుడు సరిగ్గా నా వెనక ఉంది. తాడు బిగుసుకుంది, లంగరు మెత్తటి బురదలోంచి ఊడి జారడం మొదలైంది. నేను మెట్లెక్కి ఇంజన్ వేసేలోపే 35 మీటర్లు వెనక్కి పోయాను. లంగరు మళ్లీ పట్టుకుని ఆగేసరికి వాళ్ల అణియానికీ నా అమరానికీ మధ్య ఎనిమిది మీటర్లు మిగిలింది. మెరుపు మెరిసినప్పుడల్లా ఆ పిల్లల ముఖాలు కిటికీలో కనిపించడం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ రాత్రి తర్వాత దూరాన్ని నేను నిమిషాల్లోకి మార్చుకుని చూస్తాను. జారుతున్న పడవ ఒక నాట్ వేగంతో పోతే సెకనుకు అర మీటరు. 60 మీటర్లు పోవడానికి రెండు నిమిషాలు. అలారం విని, లేచి, చెప్పులు వెతుక్కోకుండా పైకి వచ్చి, ఇంజన్ వేసి, ముందుకు తోయడానికి నాకు రెండు నిమిషాలు పడుతుంది. కొలిచి చూశాను. అందుకే ఒడ్డుకు 100 మీటర్లు అన్నాను: 40 మీటర్లు తిరిగే జాగా, 60 మీటర్లు మేలుకునే జాగా. ఉరుముల వాన హెచ్చరిక ఉంటే వాయవ్యం నుంచి గాలి వస్తే నా వెనక ఎవరుంటారు అని చూసుకుని, ఆ దిక్కున ఈ 60 మీటర్లు పక్క పడవలకూ కలుపుతాను. బయలుదేరే ముందూ, పడుకునే ముందూ వీహెచ్ఎఫ్ రేడియోలో వాతావరణ సమాచారం వినడం మానకండి.

బురద గురించి ఒక మాట. ఇక్కడ అడుగున చాలాచోట్ల పెరుగులాంటి మెత్తటి బురద. లంగరు పడగానే ఇంజన్‌తో లాగితే అది బురదను కోసుకుంటూ వచ్చేస్తుంది. పదిహేను నిమిషాలు ఊరుకోనిచ్చి, తర్వాత మెల్లగా వెనక్కి ఇంజన్ పెంచి, ఒడ్డున ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు గుర్తులు, ఒక చెట్టు, దాని వెనక ఇంటి కప్పు లాంటివి, చూస్తూ ఉండండి. అవి ఒకదాని నుంచి ఒకటి విడిపోతూనే ఉంటే మీరు జారుతున్నట్టే. ఫోర్ట్రెస్ అనే రకం లంగరులో రెక్కల కోణాన్ని 32 డిగ్రీల నుంచి 45కి మార్చుకునే వీలుంది, బురదకు 45 పెట్టాలి. నేను వాన భయం ఉన్న రాత్రుల్లో దాన్నే వాడతాను.

అన్ని పడవలూ ఒకేలా తిరగవు

పడవలన్నీ ఒక్క తీరుగా తిరిగితే వృత్తాలు ఒకదాని మీద ఒకటి పడినా ఫరవాలేదు, గాలి మారితే అందరూ కలిసే తిరుగుతారు. 30 మీటర్లు చాలన్నది ఈ ధైర్యంతోనే. ఆ ధైర్యం చెల్లనివి కొన్ని ఉన్నాయి. మోటారు పడవకు నీటి కింద లోతైన కీల్ (పడవ అడుగున కిందికి దిగే బరువైన రెక్క) ఉండదు, గాలి చెప్పినట్టు వింటుంది. మన పడవ ప్రవాహం చెప్పినట్టు వింటుంది. బోయాకు, అంటే నీటి అడుగున బరువుకు బిగించిన తేలుడు బుడ్డికి, కట్టిన పడవ చిన్న వృత్తంలోనే తిరుగుతుంది, దాని పక్కన మీ వృత్తం పూర్తిగా ఖాళీగా ఉండాలి. ఎవరైనా ముందొకటి, వెనకొకటి రెండు లంగర్లు వేసి ఉంటే వాళ్లు అసలు తిరగరు. ఈ కారణంగానే, అందరూ ఒక్క లంగరు మీద ఉన్న చోట మీరు రెండు వేయకండి.

గాలి లేని రాత్రి ఇంకా తమాషా. డన్ కోవ్‌లో ఒకసారి పక్క పడవ వారిది మొత్తం గొలుసు, నాది గొలుసు కొంత, తాడు ఎక్కువ. 8 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకు సుమారు 1.4 కిలోలు. గాలి ఆగిపోతే ఆ బరువే పడవను కట్టేస్తుంది, వారు ఉన్నచోటే ఉండిపోయారు. నేను తాడు మీద ఇష్టమొచ్చినట్టు తిరిగి, తెల్లవారుజామున నాలుగింటికి వాళ్ల పక్కకు మెత్తగా ఆనుకున్నాను. ఎవరికీ నష్టం లేదు. కానీ ఆ సాయంత్రం వాళ్లను "మీది గొలుసా, తాడా, ఎంత వదిలారు" అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఇప్పుడు లంగరు దించేముందు దగ్గరగా వెళ్లి అడుగుతాను. ఎవరూ విసుక్కోరు, చేత్తో చూపించి మరీ లంగరు ఎటు ఉందో చెబుతారు.

స్నేహితుల పడవలు రెండు మూడు పక్కపక్కన కట్టుకుని ఒకే లంగరు మీద ఉండటం ఇక్కడ మామూలే. పగలు భోజనాలకు బాగుంటుంది. చీకటి పడకముందే విడదీసి ఎవరి లంగరు వాళ్లు వేసుకోండి.

ఒడ్డు వైపు

లంగరు వేసేముందు, తర్వాత మీ పడవ తిరగబోయే వృత్తమంతా లోతు చూస్తూ ఒక చుట్టు నెమ్మదిగా తిరగండి. మీ కీల్ 1.6 మీటర్లు కిందికి ఉందనుకుంటే ఆ వృత్తం అంచున ఎక్కడా 2.5 కన్నా తగ్గకూడదు. ఎందుకంత అంటే, చలిగాలి మొదలయ్యే అక్టోబర్ తర్వాత వాయవ్య గాలి ఒకటి రెండు రోజులు ఆగకుండా వీస్తే బేలోంచి నీటిని బయటికి తోసేస్తుంది. నీటి మట్టం చార్టులో చూపిన దానికన్నా అడుగు, రెండడుగులు కిందికి పోతుంది. చార్టులోని లోతులు పాటు సమయపు సగటును బట్టి ఇచ్చినవి, ఇంకా తగ్గవని భరోసా కాదు. చార్టులో ఊదారంగు అలల గీతలు ఉంటే నీటి కింద కేబుళ్లు ఉన్నట్టు, అక్కడ వేయకండి. పీతల బుట్టల తేలుడు బుడ్లకూ దూరంగా ఉండండి, వాటి తాడు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే గాలి వచ్చినప్పుడు ఇంజన్ ఉండదు.

ఈ లెక్కలు చెసపీక్‌వి. వేరే చోటికి పట్టుకెళ్తే పోటు అంకె మార్చుకోండి. ఫ్రాన్స్‌లో సెయింట్ మాలో దగ్గర పెద్ద పోట్లప్పుడు నీరు 12 మీటర్ల వరకూ లేస్తుంది, అక్కడ పాటు సమయంలో కొలిచి ఏడింతలు వదిలితే పోటు వేళకు అది రెండింతలు కూడా ఉండదు.

చివరగా, దగ్గరగా వచ్చి వేసేవాళ్ల సంగతి. ముందు వచ్చిన పడవదే హక్కు, తర్వాత వచ్చినవాళ్లే తప్పుకోవాలన్నది సముద్రం మీద అందరూ పాటించే ఆచారం. వాళ్లు ఇంకా తాడు వదులుతుండగానే అణియం దగ్గరికి వెళ్లి నిలబడి, మర్యాదగా మీరు ఎన్ని మీటర్లు వదిలారో చెప్పండి. "నాది 29 మీటర్ల తాడు, లంగరు అక్కడుంది" అంటే చాలామంది వెంటనే లేపుకుని కాస్త అవతలకు పోతారు. వినకపోతే వాదన పెట్టుకోకండి. హక్కు మీదే అయినా వెలుగు ఉండగా మీరే లంగరు ఎత్తి వేరే చోటు చూసుకోండి. నేను ఇప్పటికి అలా చాలాసార్లు లేచి వెళ్లాను, ఒకసారి వండిన అన్నం పొయ్యి మీదే ఉండగా.